పడవ మోటారు – ఇంధనమార్గ చరిత్రము

పడవ వెనుక అంచునకు బిగించి, పని ముగిసిన పిదప విప్పి భుజముపై నింటికి మోసికొనిపోదగిన చిన్న మోటారు, ఇంధనము సరిగా నందనినాడు తెడ్డుకన్నను నిష్ప్రయోజకమగును; ఏలయన తెడ్డు మనుష్యుని బాహుబలమును మాత్రమే నమ్ముకొనియుండగా, ఈ యంత్రము గుండుసూది పట్టునంతటి రంధ్రము గుండ జారెడి పెట్రోలును నమ్ముకొనియున్నది. ఆ రంధ్రమును జెట్టు అందురు. దానిని ధరించిన పాత్రయే కార్బురేటరు. ఈ మోటారు చరిత్రలో అశ్వశక్తికి దక్కిన కీర్తి, ఇంధనమార్గమును శుభ్రపరచుచు వచ్చిన చేతులకు దక్కకపోవుట న్యాయము కాదు.

ప్రవాహవేగము హెచ్చినచోట పీడనము తగ్గునను ధర్మమును డేనియల్ బెర్నూలీ 1738లో వెలువరించిన గ్రంథమున ప్రతిపాదించెను; ఇరుకైన గొట్టమున ఆ ధర్మము ప్రవర్తించు తీరును ఇటలీ దేశీయుడగు వెంచూరీ 1797లో వివరించెను. ఈ సూత్రము నాధారముగా గొని 1893 ప్రాంతమున జర్మనీలో విల్హెల్మ్ మేబాఖ్, హంగరీలో బాంకీ, చోంకా అనువారు, పెట్రోలును తుంపరలుగా గాలిలో గలుపు కార్బురేటరును వేర్వేరుగా రూపొందించిరి. దాని లోపల తేలెడి ఫ్లోటు ఇంధనపు మట్టముతో పైకి లేచి సూదివాల్వును మూయును. మట్టము తగ్గగనే అది దిగి, ఇంధనమును మరల లోనికి విడుచును.

నార్వేలో జన్మించి బాల్యముననే అమెరికా చేరిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో విక్రయమునకు దెచ్చిన మోటారు 28 కిలోల బరువును, ఒకటిన్నర అశ్వశక్తియు గలది. అంతకు పూర్వమే కామెరాన్ వాటర్‌మన్ ఇట్టి మోటారును విక్రయించియున్నను, సామాన్యుల పడవలకు దీనిని విరివిగా జేర్చిన యశము ఎవిన్‌రూడ్‌దే. 1939లో కార్ల్ కీక్‌హేఫర్ విస్కాన్సిన్‌లో మూతపడిన యొక కార్ఖానాను కొని, అందు తిరస్కృతములై పడియున్న సుమారు 300 మోటార్లను బాగుచేయించెను. పడవ మోటార్లను జేయు మెర్క్యురీ సంస్థ ఆ మరమ్మతునుండియే పుట్టినది. చెడినదానిని విప్పిచూచుటయే నూతన నిర్మాణమునకు దారితీయునని ఈ వృత్తాంతము చాటుచున్నది.

తొలినాళ్లలో ట్యాంకు మోటారు నెత్తిననే యుండెడిది. ఇంధనము తన బరువుచేతనే క్రిందికి దిగెడిది. పిమ్మట ట్యాంకును పడవలో వేరుగా నుంచి, గొట్టము ద్వారా నిచ్చు పద్ధతి వచ్చెను. దూరప్రయాణము సుకరమయ్యెను గాని, గొట్టము, చేతితో పిండెడి రబ్బరు బుడ్డి, పంపు, వడపోత అను నొక్కొక్క భాగముతో నొక్కొక్క కొత్త లోపమునకు గూడ చోటేర్పడెను.

మన దేశమున ఈ యంత్రము జీవనసమస్యగా పరిణమించిన తావులలో కేరళ తీరమొకటి. 1950ల తరువాత మరపడవలు విస్తరించగా చేపలపట్టు తగ్గిన చిన్న జాలరులు, 1980 దశకమున జపాను మోటార్లను తమ నాటుపడవలకు బిగించుకొనిరి. పెట్రోలు ఖరీదగుటచే వారు కిరసనాయిలును వాడిరి. అది సులభముగా ఆవిరి కాదు. కావున పెట్రోలుతో మోటారును రేపి, వేడెక్కిన పిమ్మట కిరసనాయిలుకు మార్చి, ఆపుటకు ముందు మరల పెట్రోలుకు మార్చవలెను. లేనిచో కార్బురేటరులో నిలిచిన కిరసనాయిలు మరునాటి తెల్లవారుజామున మోటారును రేగనీయదు. ఈ నియమము నెరిగిన జాలరియే వేళకు వేటకు బోగలిగెను.

మరమ్మతునకొక క్రమము గలదు. అది ట్యాంకునుండి జెట్టువరకు ఇంధనము నడచు త్రోవయే. మోటారు రేగి కొంతసేపటికి ఆగిపోయినచో, ముందుగా ట్యాంకు మూతలోని గాలిరంధ్రము తెరచియున్నదా యని చూడవలెను. అది మూసియున్న ట్యాంకులో శూన్యత యేర్పడి ఇంధనము కదలదు. బుడ్డి పిండినప్పుడు గట్టిపడక పోయినచో, గొట్టమున గాలి చొరబడుచున్నదని గాని, బుడ్డి వాల్వు చెడినదని గాని గ్రహింపవలెను. వడపోతలో నీరు చేరినదేమో, పంపు పొర చిరిగినదేమో చూచిన తరువాతనే కార్బురేటరును విప్పవలెను. జెట్టును గాలితో నూదవలెనే గాని తీగతో గుచ్చరాదు. తీగ రంధ్రమును పెద్దదిగా జేసి, ఇంధనపు పాళ్లను శాశ్వతముగా చెడగొట్టును. రెండు స్ట్రోకుల మోటారులో కందెన నూనె ఇంధనముతోనే కలిసి వచ్చును గనుక, జెట్టు పూడినచో పిస్టనునకు నూనెయు నందదు. పిస్టను వేడెక్కి సిలిండరును బట్టివేయును. కనుక అశ్రద్ధకు మూల్యము ఒకనాటి వేట మాత్రము కాదు, మోటారే.

నేడు నాలుగు స్ట్రోకుల యంత్రములు, ఇంధనమును ఎలక్ట్రానిక్ పద్ధతిని చిమ్మునవి వచ్చినవి. ఎవిన్‌రూడ్ మోటార్ల ఉత్పత్తియు 2020లో నిలిచిపోయెను. అయినను కార్బురేటరు మోటార్లు మన తీరములనుండి తొలగిపోలేదు. గోదావరి, కృష్ణానదుల వరదలలో జనులను గట్టెక్కించు రబ్బరు పడవలకును ఇట్టి మోటార్లే ఆధారము. అవి వరదకు వరదకు నడుమ మాసములతరబడి కదలకుండును. నిలువయున్న పెట్రోలులో తేలిక భాగములు ఆవిరైపోగా, మిగిలినది జిగురై జెట్టును మూయును. అందు కలిపిన ఇథనాలు గాలిలోని తేమను లాగికొని, నీటిని వేరుగా అడుగునకు దింపును. కాబట్టి వరద తగ్గిననాడే కార్బురేటరునందలి ఇంధనమును కార్చివేసి, వానలు రాకమునుపే మోటారును నడిపి చూచుట, ప్రాణరక్షణకు సంబంధించిన ధర్మము. మోటారును కొనుటకు ధనము వెచ్చించు పంచాయతులును సహకార సంఘములును, దానిని శుభ్రపరచు నేర్పునకు గూడ అంతే ఆదరముతో శిక్షణ ఇప్పింపవలెను.