కాంటన్‌లో ఎనిమిది నిమిషాలు

1835 డిసెంబరు 27. చైనా రేవుపట్నం కాంటన్‌లో ఆసుపత్రి ఆనాటి పని ముగించే వేళకు ఒక తండ్రి పదమూడేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని బెరుకుబెరుగ్గా లోపలికి వచ్చాడు. చూడగానే ఆ పిల్లకు రెండు తలలున్నట్టు అనిపించిందని డాక్టర్ పీటర్ పార్కర్ రాసుకున్నాడు. కుడి కణత దగ్గర పుట్టిన కండగడ్డ చెంప మీదుగా నోటిదాకా దిగింది.

పార్కర్ యేల్ విశ్వవిద్యాలయంలో వైద్యం, మతశాస్త్రం రెండూ చదివిన అమెరికన్ మిషనరీ. ఆ నవంబరులో విదేశీ వర్తకుల పేటలో హౌక్వా అనే పెద్ద వ్యాపారికి చెందిన భవనంలో కంటి ఆసుపత్రి తెరిచాడు. కళ్ల జబ్బులవాళ్ల వెనకే గడ్డలవాళ్లూ వచ్చారు. పెద్ద గడ్డల్ని కోసి తీయడం అక్కడి వైద్యంలో దాదాపు లేదు. ఏళ్ల తరబడి వాటిని మోస్తూ బతకాల్సిందే.

విదేశీయులను పేట దాటి తిరగనివ్వని రోజులవి. ఆపరేషన్‌లో రోగి పోతే ఆసుపత్రే మూతపడొచ్చు. అందుకే పిల్లకు ఏమైనా డాక్టర్‌ది తప్పు కాదని తల్లిదండ్రుల చేత ముందే కాగితం రాయించుకున్నారు. ఆ కాగితానికి ఒప్పుకోవడానికి వాళ్లకెంత గుండెధైర్యం కావాలి!

కణత మీద వేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. తల చర్మంలో రక్తనాళాలు దట్టం. అక్కడ కోస్తే నెత్తురు తొందరగా ఆగదు. బోస్టన్‌లో ఈథర్ మత్తును బహిరంగంగా చూపించడానికి ఇంకా పదేళ్లుంది. రోగి ఓర్చుకోగలిగినంతసేపట్లోనే పని ముగించాలి. వేగమే అప్పటి సర్జన్ చూపగలిగిన దయ.

జనవరి 19న, రోజుల తరబడి పట్టిన వాన విడిచి ఆకాశం తేటపడింది. ఎనిమిది నిమిషాల్లో గడ్డ ఊడివచ్చింది. తూస్తే పౌనుంబావు, అంటే అరకిలోకు పైన. ఆ పిల్ల వీరనారిలా ఓర్చుకుందని పార్కర్ మెచ్చుకున్నాడు. అది ఉత్త మర్యాదమాట కాదు. ఆనాటి విజయంలో ఆమె వాటా కత్తి పట్టినవాడి వాటా కంటే తక్కువేమీ కాదు.

ఆ ముఖం మనకు ఇప్పటికీ కనిపిస్తోందంటే అది లామ్‌క్వా చలవ. పాశ్చాత్య పద్ధతిలో తైలవర్ణచిత్రాలు వేసే కాంటన్ చిత్రకారుడాయన. పార్కర్ రోగుల బొమ్మలెన్నో గీసి, వైద్యం ఉచితమైనప్పుడు బొమ్మకు డబ్బెందుకని పైసా తీసుకోలేదు. వాటిలో ఎనభైకి పైగా యేల్‌లో ఉన్నాయి. గడ్డను ఉన్నదున్నట్టు చూపిస్తూనే, మనిషి ముఖంలోని నెమ్మదిని ఆయన ఎక్కడా పోనివ్వలేదు.

లామ్‌క్వా బంధువు క్వాన్ ఆటో పార్కర్ దగ్గరే సర్జరీ నేర్చుకున్నాడు. 1847లో పార్కర్ కాంటన్‌లో ఈథర్ వాడేనాటికి, ఈ శిష్యుడు సొంతంగా గడ్డలు కోసి తీస్తున్నాడు.