గరగర పోతుంది సరే, రేడియో ఏదీ?

వికారాబాదు హైదరాబాదుకి పడమరగా సుమారు 75 కిలోమీటర్లు. తాండూరు ఇంకా అవతల, కర్ణాటక సరిహద్దు దాపున ఉంది. పట్నానికి ఇంత చేరువలో ఉన్నా రేడియో దగ్గర ఈ రెండూళ్ళకీ ఓ చిక్కుంది. ఎఫ్.ఎం. తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరకే పోతాయి. నేల వంపు తిరిగినా, అనంతగిరి లాంటి గుట్టలు అడ్డొచ్చినా నీరసించిపోతాయి.

మీడియం వేవ్ అలా కాదు, నేలని కరుచుకుని చాలా దూరం నడుస్తుంది. 1930లలో హైదరాబాదులో దక్కన్ రేడియో మొదలైనప్పుడు దాని బలం 200 వాట్లే. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఆ తరవాతి కాలంలో 738 కిలోహెర్ట్జ్ మీద 200 కిలోవాట్లతో, అంటే మొదటిదానికి వెయ్యి రెట్ల బలంతో పలికింది. రేడియో అక్కయ్య తురగా జానకీరాణిగారి మాట పల్లె వంటిళ్ళకి చేరిందంటే ఆ దారినే.

అయితే ఒక్క బలంతోనే రేడియో ఇంటింటికీ రాలేదు. చవకగా ట్రాన్సిస్టర్లొచ్చాయి. పోస్టాఫీసులో ఏటేటా కట్టే లైసెన్సు రుసుం కూడా 1980లలో పోయింది. అప్పుడుగదా అది అందరిదీ అయింది!

ఇక మీడియం వేవ్ గరగర మీకు తెలిసిందే. పక్కనే మోటారు తిరిగితే చాలు, పాట కాస్తా చెడుతుంది. రాత్రయితే దూరపు స్టేషన్లు ఆకాశం మీంచి దిగివచ్చి మన స్టేషన్లో కలగాపులగమవుతాయి. దీనికి మందుగా వచ్చిందే డిజిటల్ రేడియో. ధ్వనిని అంకెలుగా మార్చి పంపిస్తారు. దారిలో కొన్ని అంకెలు పోయినా సెట్టు సరిదిద్దుకుంటుంది. మరీ ఎక్కువ పోతే మాత్రం గరగరలాడదు, ఏకంగా మూగబోతుంది. ఒకే ట్రాన్స్‌మిటర్ మీద రెండు మూడు కార్యక్రమాలు పంపవచ్చు, కరెంటూ ఆదా.

డి.ఆర్.ఎం. అనే ఈ పద్ధతికి వీలుగా ఆకాశవాణి 2010 తరవాత దేశంలో 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు సిద్ధం చేసింది. వాటిలో హైదరాబాదుదీ ఒకటి. కానీ విందు వండి విస్తళ్ళు మరచినట్టయింది. ఆ ప్రసారాన్ని పట్టే సెట్లు లక్షల కార్లలోకి వచ్చాయిగానీ ఇళ్ళలోకి రాలేదు. మన పాత ట్రాన్సిస్టరుకి ఆ అంకెల భాష అర్థం కాదు.

“ఫోనుందిగా, అందులో వినరాదా?” అంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మగవారి జేబులో బయటికి పోతే? రీచార్జి అయిపోతే? గూట్లో ఉన్న రేడియోకి ఈ బాధల్లేవు.

కాబట్టి డిజిటల్ రేడియో గెలుస్తుందా అన్నదానికి జవాబు ట్రాన్స్‌మిటరు దగ్గర లేదు, తాండూరు బజారులో ఉంది. ఓ మంచి కుక్కరు ధరకి డిజిటల్ సెట్టు అక్కడి దుకాణంలో దొరికిననాడు అది తప్పక గెలుస్తుంది. అందాకా పాత ప్రసారాన్ని కట్టెయ్యకుండా ఉంటే మేలు.