అంతియొకయ పంక్తిలో లేచిన తగవు

నలుగురితో కలిసి పంక్తిలో కూర్చున్న పెద్దమనిషి ఉన్నట్టుండి లేచి పక్కకు వెళ్లిపోయాడనుకోండి. పక్కవాడి పుట్టుకే అందుకు కారణమని అందరికీ అర్థమైపోయాక, మిగిలినవాళ్లకు ముద్ద దిగుతుందా? క్రీ.శ. 50కి కాస్త అటూ ఇటూగా అప్పటి సిరియాలోని అంతియొకయలో జరిగింది ఇదే. లేచి వెళ్లింది యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు. అందరి ముందూ నిలదీసింది పౌలు. మనిషికి రక్షణ విశ్వాసం వల్లనా, మోషే ధర్మశాస్త్రాన్ని పాటించడం వల్లనా అన్న ప్రశ్న రెండు వేల ఏళ్లుగా క్రైస్తవంలో నలుగుతూనే ఉంది. దాని తొలి వేడి తెలియాలంటే వేదాంత గ్రంథాలకన్నా ముందు ఆ భోజనం దగ్గరికి వెళ్లాలి.

అంతియొకయ అంటే నేటి తుర్కియేలోని అంతాక్యా, 2023 ఫిబ్రవరి భూకంపం కూల్చేసిన ఊరు. ఒరొంటెస్ నది ఒడ్డున సెల్యూకస్ రాజు క్రీ.పూ. 300లో కట్టించి తన తండ్రి అంతియొకస్ పేరు పెట్టాడు. పౌలు కాలానికి అది రోమా సామ్రాజ్యంలోని మహానగరాల్లో ఒకటి. యేసును నమ్మినవాళ్లను ‘క్రైస్తవులు’ అని మొదట పిలిచింది ఈ ఊళ్లోనేనని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అక్కడి సంఘంలో యూదులూ ఉన్నారు, గ్రీకులూ ఉన్నారు. ఇవాళ మన సంఘాల్లో ‘బల్లలో పాలుపొందడం’ అంటే చిన్న రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షారసం. అప్పట్లో ఎవరో ఒకరి ఇంట్లో అందరూ చేరి కడుపు నిండా తినే భోజనం అది. అందులో పేతురు కూడా గ్రీకులతో కలిసి తింటూ వచ్చాడు. ఇంతలో యెరూషలేము నుంచి, యేసు సోదరుడైన యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. సున్నతి లేనివాళ్లతో పంక్తి కూడదనే వాళ్లను చూసి జంకి పేతురు వెనక్కి తగ్గాడు. అతన్ని చూసి తక్కిన యూదులూ తగ్గారు. చివరికి పౌలుకు కుడిభుజంలాంటి బర్నబా కూడా వాళ్లతో కలిశాడు. గలతీయులకు రాసిన పత్రికలో ఈ సంగతి చెప్పేటప్పుడు బర్నబా పేరు దగ్గర పౌలు నొప్పి దాగదు.

అయితే పేతురును పిరికివాడని కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు. ఏ వంశం ఆ ఊరిని కట్టించిందో ఆ వంశపు రాజే, నాలుగో అంతియొకస్, క్రీ.పూ. 167లో యూదయలో సున్నతిని, విశ్రాంతి దినాన్ని నిషేధించాడు. కొడుకులకు సున్నతి చేయించిన తల్లులను చంపి, ఆ పసికందులను వాళ్ల మెడలకే వేలాడదీశారని మక్కబీయుల గ్రంథం చెబుతుంది. నిషిద్ధమైన మాంసం నోట పెట్టడంకన్నా చావే మేలనుకున్నవాళ్ల కథలు ప్రతి యూదు బిడ్డా వింటూ పెరిగాడు. తిండి నియమం అంటే వాళ్లకు పూర్వుల నెత్తురు.

‘ధర్మశాస్త్రం’ అనే మాట కూడా మనల్ని కాస్త పక్కదారి పట్టిస్తుంది. తెలుగు చెవికి అది వినగానే మనువు గుర్తొస్తాడు, శిక్షలు గుర్తొస్తాయి. ‘తోరా’ అన్న హీబ్రూ మాటకు మొదటి అర్థం బోధ, దారి చూపడం. రక్షణను పనులతో కొనుక్కోవచ్చని ఆనాటి యూదులు అనుకోలేదనీ, దేవుడు ముందే దయతో చేసిన నిబంధనలో నిలిచి ఉండడానికే ధర్మశాస్త్రాన్ని పాటించారనీ బైబిల్ పండితుడు ఇ.పి. శాండర్స్ 1977లో వాదించాక పండితులు పౌలును మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.

అంతియొకయ తగవుకు ముందే, సున్నతి లేనివాళ్లను సంఘంలో చేర్చుకోవచ్చా అన్న విషయం మీద యెరూషలేములో పెద్దల సమావేశం జరిగింది. పౌలు తన వెంట తీతు అనే గ్రీకు సహచరుణ్ని తీసుకెళ్లాడు. మాటలతో వాదించేకన్నా మనిషినే ఎదురుగా నిలబెట్టడం మేలనుకున్నాడు కాబోలు. తీతుకు సున్నతి చేయమని ఎవరూ పట్టుబట్టలేదు. యాకోబు, పేతురు, యోహాను పౌలుతో చేయి కలిపారు. బీదలను మాత్రం మరవొద్దన్నారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, వ్యభిచారం మానమన్న నాలుగు కట్టడల గురించి కార్యముల గ్రంథం చెబుతుంది గానీ పౌలు వాటి ఊసే ఎత్తడు.

తర్వాత గలతీయ సంఘాల్లోకి కొందరు బోధకులు వచ్చి సున్నతి తప్పదన్నారు. పౌలు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మామూలుగా పత్రిక మొదట్లో చెప్పే కృతజ్ఞతలు కూడా లేకుండా నేరుగా విషయంలోకి దిగాడు. చివర్లో కలం తానే తీసుకుని, ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నానో చూడమన్నాడు. అతని వాదనకు ఆయువుపట్టు అబ్రాహాము. దేవుని మాట నమ్మినందుకు అబ్రాహాము నీతిమంతుడిగా లెక్కకు వచ్చింది ఆదికాండం 15వ అధ్యాయంలో. సున్నతి 17వ అధ్యాయంలో, అదీ 99వ ఏట. ధర్మశాస్త్రమైతే ఆ వాగ్దానానికి 430 ఏళ్ల తర్వాతి సంగతి. ముందు వచ్చినదాన్ని వెనక వచ్చినది ఎలా కొట్టేస్తుంది?

మరి ధర్మశాస్త్రం ఎందుకంటే, పౌలు ఒక పోలిక చెప్పాడు. తెలుగు బైబిల్లో అది ‘బాలశిక్షకుడు’ అయింది. ఆ మాట చదివితే పలకా బలపం పట్టించే పంతులు కళ్లకు కడతాడు. గ్రీకులో ఆ పదానికి అర్థం వేరు. కలవారి ఇళ్లలో పిల్లవాణ్ని బడికి తీసుకెళ్లి, దారిలో చెడు సావాసాలు పట్టకుండా కనిపెట్టి, మళ్లీ ఇంటికి చేర్చే బానిస అతను. పిల్లవాడు పెద్దయితే అతని పని తీరిపోతుంది. ఆ బానిసను పౌలు చెడ్డవాడనలేదు. అతని గడువు ముగిసిందన్నాడు, అంతే.

యాకోబు పేరుతో ఉన్న పత్రిక అదే అబ్రాహామును ఇంకోవైపు నుంచి చూస్తుంది. కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద పెట్టినప్పుడు కదా అతని విశ్వాసం పరిపూర్ణమైంది అంటుంది. క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేని ఒళ్లులాంటిదంటుంది. ఆ పత్రికలోని ఉదాహరణ చూడండి: ఒంటి మీద బట్ట, ఆ పూటకు తిండి లేనివాడికి ఏమీ ఇవ్వకుండా చల్లని మాట చెప్పి పంపడం. 1522లో మతసంస్కర్త మార్టిన్ లూథర్ ఈ పత్రికను గడ్డి పరకతో పోల్చాడు. లూథర్ అక్కడ తొందరపడ్డాడని నా అభిప్రాయం. పౌలు కోపం పక్కవాణ్ని పంక్తి నుంచి లేపే నియమం మీద, యాకోబు కోపం ఆకలిగొన్నవాణ్ని పంక్తికి పిలవని నమ్మకం మీద. రోమీయులకు రాసేనాటికి పౌలు వాదన ఇంతకన్నా చాలా విశాలమైంది. అయినా అది మొదలైంది తిండి దగ్గరే.

బీదలను మరవొద్దన్న మాటను పౌలు నిలబెట్టుకున్నాడు. గ్రీకు సంఘాల్లో చందా పోగుచేసి, క్రీ.శ. 57 ప్రాంతంలో యెరూషలేముకు తెచ్చాడు. యాకోబు దగ్గర ఉన్న పెద్దలు, అపోహలు పోవాలంటే దేవాలయంలో శుద్ధి చేసుకుని, మొక్కుబడి ఉన్న నలుగురి ఖర్చూ పెట్టుకోమన్నారు. గలతీయులకు అంత నిప్పులు చెరిగిన పౌలు మారుమాట్లాడక ఒప్పుకున్నాడు. ఆ దేవాలయంలోనే, ఎఫెసుకు చెందిన గ్రీకువాడైన త్రోఫిమును లోపలికి తెచ్చాడన్న పుకారు మీద జనం అతని మీద పడ్డారు. లోపలి ప్రాకారం దగ్గర ఉన్న హెచ్చరిక రాళ్లలో ఒకటి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. గ్రీకులో ఏడు పంక్తులు: పరజాతివాడు ఈ ప్రాకారం దాటకూడదు, దాటి పట్టుబడితే తన చావుకు తనదే బాధ్యత.

పౌలు బందీగా రోముకు వెళ్లాడు. క్రీ.శ. 62లో ప్రధాన యాజకుడు అనాను యాకోబును సభ ముందు నిలబెట్టి రాళ్లతో కొట్టించాడు. మోపిన నేరం ధర్మశాస్త్రాన్ని మీరడం. అది అన్యాయమని రాజుకూ రోమా అధికారికీ ఫిర్యాదు చేసింది ఆ ఊళ్లో ధర్మశాస్త్రాన్ని నిక్కచ్చిగా పాటించేవాళ్లేనని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. పదవిలోకి వచ్చిన మూడు నెలలకే అనాను దాన్ని పోగొట్టుకున్నాడు.