అరుదైన మృదుకణజాల కణితుల మూలాన్ని తెలిపే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని

మిరప కోతలు, పత్తితీతలు ముమ్మరంగా సాగే రోజులలో గుంటూరు, ప్రకాశం మైదాన గ్రామాలలో నొప్పిలేని గడ్డను పట్టించుకొనే తీరిక ఎవరికీ ఉండదు. ఇటువంటి గడ్డలలో అత్యధికం హానిలేని కొవ్వుగడ్డలే. అయితే కండరం, కొవ్వు, నరం, రక్తనాళం వంటి మృదుకణజాలాలలో అరుదుగా పుట్టే కేన్సర్ కణితులు కూడా తొలిదశలో ఇలాగే ఉంటాయి. కణితి ఏ జాతి కణాలను పోలి ఉన్నదో తేలితేనే దాని పేరు, పేరును బట్టి చికిత్స నిర్ణయమవుతాయి.

గడ్డ ఉన్న చోటును బట్టి మూలాన్ని ఊహించడం సరికాదు. నాలుకపై తరచుగా కనిపించే గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ కండర కణాల నుండి పుడుతుందని రష్యన్ వైద్యుడు అబ్రికోసాఫ్ 1926లో భావించారు. 1960వ దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించగా కండర తంతువుల జాడ లేదు. నరానికి తొడుగుగా ఉండే ష్వాన్ కణాల లక్షణాలు బయటపడ్డాయి.

అన్నిటికీ ఇంత స్పష్టమైన సమాధానం దొరకలేదు. యువత తొడలలో ఎక్కువగా వచ్చే అల్వియోలార్ సాఫ్ట్ పార్ట్ సార్కోమాకు 1952లో ఆ పేరు పెట్టారు. దాని కణాలలో కనిపించే స్ఫటికాలు వ్యాధిని గుర్తుపట్టించాయి గాని, మూలకణాన్ని చూపలేదు. 2001లో ఎక్స్, 17 క్రోమోజోముల జన్యువులు కలిసిపోవడమే దీనికి కారణమని తెలిసినా మూలకణం నేటికీ తేలలేదు. సాధారణ కీమోథెరపీకి లొంగని ఈ వ్యాధికి 2022లో అమెరికా అటెజోలిజుమాబ్ మందును ఆమోదించింది. పేరు సరిగా తేలడం ఎంత అవసరమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఈ పరీక్షకు శస్త్రచికిత్సకు ముందే ఏర్పాటు జరగాలి. తీసిన గడ్డనంతా ఫార్మలిన్ సీసాలో వేస్తే కణాంతర్భాగాల సూక్ష్మ వివరాలు చాలావరకు చెడిపోతాయి. మిల్లీమీటరు పరిమాణంలో కొన్ని ముక్కలను వెంటనే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో వేసి చల్లగా ఉంచాలి. ప్రయోగశాలలో వీటిని రెసిన్‌లో గట్టిపరచి, వజ్రపు కత్తితో తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు పొరలుగా కోస్తారు.

1946లో ప్రారంభమైన గుంటూరు వైద్య కళాశాల, దాని అనుబంధ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈ ప్రాంత రోగులకు ప్రధాన ఆధారం. జీవకణజాలాల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పరీక్షలకు పేరొందిన రస్కా ప్రయోగశాల, విచిత్రంగా, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో ఉన్నది. 1980వ దశకం నుండి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, తరువాత జన్యుపరీక్షలు రావడంతో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అవసరం తగ్గింది. వాటితోనూ తేలని కొద్ది కణితులకే ఇప్పుడు దానిని ఆశ్రయిస్తున్నారు.

గడ్డ అయిదు సెంటీమీటర్లు మించినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా నొప్పి లేదని ఆగక వైద్యునికి చూపించుకోవాలి. నాటువైద్యులతో కోయించుకోరాదు.