గోడా నేలా కలిసే చోటు

నీళ్ళగదిలో గోడా నేలా కలిసే చోటు ఒకటుంటుంది చూశారూ, గది మొత్తంమీద అంత మొండి చోటు ఇంకొకటి లేదు. నేల తళతళలాడినా, గోడ పలకలు అద్దాల్లా మెరిసినా, ఆ సందులో మటుకు కాటుక దిద్దినట్టు ఒక నల్లటి గీత తయారవుతుంది. బ్రష్షు అరిగిపోవాలే గానీ అది అరగదు. దాని వెనకాల సన్నటి బీట. ఆ బీటలోంచి నీళ్ళు, ఆ నీళ్ళతో పక్కగది గోడకి చెమ్మ, కింది వాటావాళ్ళతో మాటా మాటా! ఇంత కథ నడిపించే అంచుకి చరిత్ర లేకుండా ఉంటుందా అనిపించి పుస్తకాలు తిరగేశాను. ఉంది. నాలుగున్నర వేల ఏళ్ళది.

సింధునది ఒడ్డున మొహెంజొదారోని 1920లలో తవ్వినప్పుడు ఇంటింటా స్నానపు అరుగులు బయటపడ్డాయి. బాగా కాల్చిన ఇటుకలు, వేలిగోరు కూడా దూరనంత దగ్గరగా పేర్చి, నేలని ఒక మూలకి వాలుగా దింపి, నీళ్ళు బయటికి పారకుండా చుట్టూ కాస్త ఎత్తుగా అంచు కట్టారు. మూలనున్న తూములోంచి నీళ్ళు వీధికాలవలోకి పోయేవి. ఇవాళ పైదేశాల్లో 'షవర్ ట్రే' అని అమ్ముతున్న పళ్ళెంలాంటి నేల ఇంతకంటే వేరేమీ కాదు. అక్కడున్న మన పిల్లలు ఫోన్లో "అమ్మా, ట్రే అంచు నల్లబడుతోంది" అని వాపోతే, ఆ బాధ ఎంత పాతదో నాకు గుర్తొస్తుంది.

ఆ ఊళ్ళోనే మహాస్నానవాటిక ఉంది. పన్నెండు మీటర్ల పొడుగు, ఏడు మీటర్ల వెడల్పు, దాదాపు 2.4 మీటర్ల లోతు. మనిషి నిలువునా మునిగిపోతాడు. దాన్ని కట్టినవాళ్ళ జాగ్రత్త చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఇటుకల మధ్య జిప్సం పూత పెట్టారు. జిప్సం నీళ్ళలో కొద్దికొద్దిగా కరుగుతుంది, ఎప్పటికీ నిలిచేది కాదు. ఆ సంగతి వాళ్ళకి తెలిసే ఉంటుంది కాబోలు, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. గోడ వెనకాల అంగుళం మందాన తారులాంటి నల్లటి జిగురు నింపి, అది జారిపోకుండా వెనకనించి ఇంకో వరస ఇటుకలు కట్టారు. ముందు గట్టిది, వెనక మెత్తది. గట్టిది పగిలినా మెత్తది నీటిని పట్టి ఉంచుతుంది. అంత చేసినా, పాపం, ఇప్పుడా ఇటుకల్ని భూమిలోంచి పైకెక్కే ఉప్పుచెమ్మ తినేస్తోంది.

అందులో స్నానం చేసింది పూజారులా, రాజులా అని పండితులు చాలా రాశారు. తోమింది ఎవరో ఒక్కరూ రాసినట్టు కనబడలేదు. నిలవనీళ్ళకి పాచి పట్టకుండా ఉంటుందా? మెట్లమీద కాళ్ళు జారకుండా ఉండాలంటే ఎవరో ఒకరు వంగి, ఆ అంచులన్నీ రుద్దే ఉంటారు. వాళ్ళ నడుముల సంగతి చరిత్రకి అక్కర్లేకపోయింది.

రోమనులు ఇంకో కిటుకు కనిపెట్టారు. పగిలిన కుండలూ పెంకులూ దంచి సున్నంలో కలిపి గట్టి గచ్చు చేసేవారు. నీటితొట్లలో గోడా నేలా కలిసే మూలని మూలగా వదలకుండా ఆ గచ్చుతోనే గుండ్రంగా తిప్పేవారు. సందే లేకపోతే మురికెక్కడ దాక్కుంటుంది? మన డాబాల మీద పిట్టగోడ అడుగున మేస్త్రీలు ఇవాళ్టికీ సిమెంటుతో అలా తిప్పుతూనే ఉన్నారు. ఆ పని నీళ్ళగదిలో మాత్రం ఎందుకు మానేశారో, పలకల మోజులో పడి!

మన గచ్చు మాత్రం తక్కువదా? గానుగలో తిప్పిన సున్నం, ఇటుకపొడి, కరక్కాయ నానేసిన నీళ్ళు, బెల్లం. పైగా పండక్కి పండక్కి గోడలకి సున్నం వేసేవాళ్ళం. అది తెలుపు కోసమేననుకుంటాం గానీ, తాజా సున్నం ఘాటుకి బూజు బతకదు. ఆ ఏటేటా పూతతో ఇల్లు తనంతట తానే మందు వేసుకునేదన్నమాట.

సిమెంటొచ్చాక అంతా గట్టిదనమే. గోడ ఒకలా కదులుతుంది, నేల ఒకలా. ట్రే అయితే మనిషి నిలబడగానే వెంట్రుకవాసి కిందికి దిగుతుంది కూడా. ఆ సందులో తెల్లసిమెంటు నింపితే పగలక ఏంచేస్తుంది? అక్కడ సాగే వస్తువు కావాలి. అదే సిలికోన్. ఈ పేరు ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ఆచార్యుడు కిప్పింగ్ 1901లో పెట్టింది. బంకబంకగా వచ్చే ఆ పదార్థాలు పెద్దగా పనికొస్తాయని ఆయనే అనుకోలేదట! 1969లో చంద్రుడి మీద నడిచిన బూట్ల అడుగులు సిలికోన్ రబ్బరువే మరి.

అయితే సిలికోన్‌కి సున్నం ఘాటు లేదు. బూజు దాన్ని తిని బతకదు; దాని మీద పేరుకునే సబ్బు జిడ్డునీ ఒంటి మట్టినీ తిని బతుకుతుంది. బూజు పట్టకుండా అందులో కలిపే మందు కొన్నాళ్ళకి నీళ్ళతో కొట్టుకుపోతుంది. నలుపు లోపలికి పాకాక పైన ఎంత రుద్దినా లాభం లేదు. పాతదంతా చాకుతో కోసి తీసెయ్యాలి. జిడ్డు కడిగి, సందు పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు కొత్తది వెయ్యాలి. పాతదాని మీద కొత్తది అంటుకోదు. తొట్టి అయితే నీళ్ళు నింపి, ఆ బరువుకి అది కిందికి దిగాక పూత వేసి, పూత ఆరేదాకా ఆ నీళ్ళు అలాగే ఉంచాలి. లేకపోతే మొదటిసారి మనిషి దిగగానే పూత ఊడొస్తుంది. ఒక రోజంతా తడి తగలకూడదు. ఆ ఒక్కరోజు ఇంట్లోవాళ్ళని ఆపడమే అసలు కష్టం!

ఇంకోమాట. నలుపు పోవడం లేదని బ్లీచింగ్ పౌడర్లో యాసిడ్డో, వెనిగరో కలపకండి. క్లోరిన్ వాయువు లేస్తుంది, తలుపు మూసిన గదిలో ప్రాణం మీదకి వస్తుంది.

నిజానికి పెద్ద మందు గాలీ, పొడిగుడ్డా. కిటికీ తెరిచిపెట్టి, స్నానాలయ్యాక అంచు చుట్టూ ఒకసారి తుడిస్తే అరనిమిషం పని. మా ఇంట్లో ఆ గుడ్డ తలుపు వెనకాల మేకుకి వేలాడుతుంది. ఆఖర్న ఎవరు స్నానం చేస్తే వాళ్ళే తుడవాలి. మగవాళ్ళకి మినహాయింపు లేదు.