సాక్షి లేని శౌర్యము: ఖుక్రీ నావికుల పతకములు

నల్లమల యంచున, కడలికి దూరముగా నున్న యర్రగొండపాలెము సీమవారికి నౌకాయుద్ధమనగా పరుల ముచ్చటగా తోచుట సహజమే. కాని కర్నూలునుండి విడివడిన మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు ఒంగోలు జిల్లాలో చేరి రెండేండ్లైనను నిండని 1971 డిసెంబరు మాసమున, పాకిస్తానుతోడి యుద్ధము కడలిమీదుగా తెలుగువారి వాకిటికే వచ్చినది. 3వ తేదీ అర్ధరాత్రి వేళ పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు చెంత మునిగిపోయినది. విశాఖ సాగరతీరమున నా విజయమునకు స్మారకము నేటికిని నిలిచియున్నది. పశ్చిమ సముద్రమున ఆ యుద్ధవిజయమునకు మనము చెల్లించిన మూల్యమును స్మరించువారు మాత్రము కొందరే.

డిసెంబరు 9వ తేదీ రాత్రి, శత్రు జలాంతర్గాములను వెదకుచు డయ్యూ తీరమునకు ఆవల సంచరించుచుండిన ఖుక్రీ యను యుద్ధనౌక, హంగోర్ అను పాకిస్తాను జలాంతర్గామి విడిచిన టార్పీడో తాకిడికి నిమిషములలో సాగరగర్భమున లీనమయ్యెను. 18 మంది అధికారులును, 176 మంది నావికులును అసువులు బాసిరి. ఆ నౌకాధిపతి కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్టును ఒక నావికునికిచ్చి, తనవారిని తప్పించుటకై తుదివరకు పాటుపడి, నౌకను వీడక దానితోడనే మునిగెను. ఆయనకు మరణానంతరము మహావీరచక్రము లభించినది: వెండి బిళ్లపై ఐదు కోణముల నక్షత్రము, దాని నడుమ బంగారుపూత పూసిన రాజ్యచిహ్నము, సగము తెలుపును సగము నారింజయు నైన పట్టీ.

ఈ గౌరవము సర్వథా యుక్తము. అయితే శౌర్యపతకమునకు సాక్షి కావలెను. ముల్లా సాహసమును బ్రతికి బయటపడినవారు లోకమునకు చెప్పిరి. ఓడ అడుగుభాగమున యంత్రములచెంత నిలిచి, పైకి వచ్చు త్రోవ లేక గతించినవారి ధైర్యమును ఎవరు చూచిరి? ఎవరు చెప్పగలరు? అట్టివారి పేర మిగిలినవి, ఆ యుద్ధమున పాల్గొనినవారందరికై నెలకొల్పిన సంగ్రామ పతకము, పశ్చిమ రంగమున సేవచేసినవారికై ఏర్పరచిన పశ్చిమీ స్టార్ వంటి సామాన్య పతకములే. మన సైనిక పతకముల అంచున గ్రహీత సంఖ్యయు పేరును చెక్కుట ఆచారము. దేహమును కడలికే విడిచి, చితాభస్మమైనను ఇంటికి చేరని నావికునికి ఆ అంచుమీది అక్షరములే శిలాశాసనము.

కావున మన పల్లెలలో ఏ యింటి ట్రంకుపెట్టెలోనైనను అట్టి పతకము కానవచ్చినచో, అందరికీ ఇచ్చినదే గదా యని చులకన చేయరాదు. లోహపు విలువ కట్టి అమ్మరాదు. గణతంత్ర దినమున ఊరి బడిలో పతాకమునెగురవేయు వేళ దానిని పిల్లలకు చూపి, అంచున నున్న పేరును బిగ్గరగా చదివించుట, ఆ యూరి పెద్దలకు విహితమైన ధర్మము.