ముప్ఫై ఎనిమిదో పుట్టినరోజు, ఒక గోడ రాత

ముప్ఫై దగ్గరపడుతున్నకొద్దీ మా బ్యాచ్ వాళ్ళందరికీ ఒకటే పిచ్చి పట్టుకుంది. ముప్ఫై నిండేలోపు ఏదో ఒకటి సృష్టించి తీరాలట. ఒకడు నవల రాస్తానంటాడు, ఇంకొకడు షార్ట్ ఫిల్ము తీస్తానంటాడు. అన్నిటికీ గడువులు, శాతాలు, ఎక్సెల్ షీట్లు. అప్రైజల్ కోసం ఏటేటా గోల్సు రాసీ రాసీ చెయ్యి అలా తిరిగిపోయింది కాబోలు! నాకూ ఇంకో ఏడు నెలల్లో ముప్ఫై నిండుతాయి కాబట్టి వాళ్ళని వెక్కిరించే హక్కు నాకు లేదు. కానీ పుట్టినరోజు నాడు పెట్టుకున్న లక్ష్యాలు అనగానే నాకు గుర్తొచ్చేది ఒకే ఒక్క పెద్దమనిషి. ఆయన సంగతి చెప్పుకోవాలి.

ఫ్రాన్సులో బోర్డో నగరానికి తూర్పున ద్రాక్షతోటల మధ్య ఒక పాత బురుజు ఉంది. దాని పై అంతస్తులో పుస్తకాల గది, పక్కనే చలిమంట వేసుకోవడానికి వీలున్న చిన్న గది. ఆ చిన్న గది గోడ మీద లాటిన్‌లో ఒక రాత కనిపిస్తుంది. రాయించినవాడు మిషెల్ ద మాంటేన్. అందులో ఉన్న తేదీ 1571 ఫిబ్రవరి ఆఖరి రోజు, అంటే ఆయనకి సరిగ్గా 38 నిండిన రోజు. దాని సారాంశం ఇది: కొలువులతో, ప్రభుత్వ పనులతో ఎప్పుడో విసిగిపోయాడు, ఒంట్లో సత్తువ ఉండగానే చదువుల తల్లుల ఒడికి చేరుకుంటున్నాడు, విధి ఒప్పుకుంటే మిగిలిన కాలం తాతల నాటి ఈ ఇంట్లో స్వేచ్ఛగా, తీరిగ్గా గడుపుతాడు.

అంతే. పుస్తకం రాస్తానని లేదు. ఎన్ని పేజీలో, ఎప్పటికల్లానో లేదు. మా మేనేజరు గారికి చూపిస్తే "కొలవడానికి వీల్లేదు" అని తిప్పి పంపించేస్తారు.

ఆ విసుగు ఎక్కడిదో కాస్త చూద్దాం. 1557 నుంచి 1570 దాకా ఆయన బోర్డో పార్లమెంటులో పనిచేశాడు. పేరు పార్లమెంటేగానీ, అప్పట్లో అది మన హైకోర్టు లాంటిది. 1569లో పై బెంచికి వెళ్ళాలని చూస్తే, అక్కడ దగ్గర చుట్టాలున్నారని కుదరదన్నారు. మరుసటి ఏడు తన కుర్చీ ఇంకొకరికి అప్పజెప్పి ఇంటికొచ్చేశాడు. ప్రమోషన్ రాలేదని పేపరు పెట్టేసినవాళ్ళు మనకి కొత్తేమీ కాదు కదా :)

కానీ అసలు కారణం అది కాదని నాకనిపిస్తుంది. చుట్టూ చావులు. ప్రాణస్నేహితుడు లా బొయేసీ 1563లో 32 ఏళ్ళకే పోయాడు. 1568లో తండ్రి పోయాడు. 23 ఏళ్ళ తమ్ముడు టెన్నిస్ బంతి చెవి దగ్గర తగిలి, కొన్ని గంటల్లోనే ప్రాణం వదిలాడు. 1570లో పుట్టిన మొదటి బిడ్డ రెండు నెలలకే దక్కకుండా పోయింది. ఆ రోజుల్లోనే ఎప్పుడో గుర్రం మీదనుంచి పడి తనూ చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. 39 నిండిన పదిహేను రోజులకి చావు గురించి రాస్తూ, పేరు తెచ్చుకున్నవాళ్ళలో 35 దాటకముందే పోయినవాళ్ళే ఎక్కువని లెక్కగడతాడు. మా షీట్లలో ఉన్న భయం వేరు. పక్కవాడు ముందుకెళ్ళిపోతున్నాడన్న భయం అది.

సరే, ఇంట్లో కూర్చున్నాక ఏమైంది? మనసు కుదుటపడుతుందనుకున్నాడు. పడలేదు. పగ్గాలు తెంచుకున్న గుర్రంలా పరిగెత్తి, అర్థంపర్థంలేని వింత ఊహలన్నీ కంటూ పోయిందని తనే రాశాడు. వాటిని కాగితం మీద పెడితే, ఏదో ఒకనాటికి మనసు తన్ను చూసి తనే సిగ్గుపడుతుందని రాయడం మొదలుపెట్టాడట. అంటే, లోకమంతా చదివిన ఆ పుస్తకం మొదట ఒక పిచ్చిగుర్రం మీద పెట్టిన నిఘా! దానికి ఆయన పెట్టుకున్న పేరు 'ఎస్సే'. ఫ్రెంచిలో ప్రయత్నాలు, పరీక్షలు అని అర్థం. మనం బళ్ళో ఆవు మీద, దీపావళి మీద రాసిన వ్యాసాలకి మూలపురుషుడు ఈయనే అనుకోవచ్చు. 1580లో రెండు భాగాలు, 94 అధ్యాయాలతో బోర్డోలో అచ్చయింది. గోడ మీద రాసుకున్న తొమ్మిదేళ్ళకి.

నాకు బాగా నచ్చే విషయం ఇంకొకటుంది. మాంటేన్‌ది లాటిన్ మీడియం. మనలాగా బళ్ళో మాత్రమే కాదు, ఇంట్లో కూడా. వాళ్ళ నాన్న ఫ్రెంచి ముక్క రాని జర్మన్ పంతుల్ని పెట్టి, ఆరేళ్ళు దాటేదాకా పిల్లాడి చెవిన లాటిన్ తప్ప ఇంకో మాట పడనివ్వలేదు. అమ్మతో సహా ఇంట్లో అందరూ, నౌకర్లు కూడా, వాడితో మాట్లాడ్డానికి నాలుగు లాటిన్ మాటలు నేర్చుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో కొన్ని పనిముట్లకి లాటిన్ పేర్లు స్థిరపడిపోయాయట. పిల్లలు "మమ్మీ" అంటే మురిసిపోయే మన నాన్నలు ఈయన ముందు ఎంత!

అలాంటివాడు ప్రతిజ్ఞ లాటిన్‌లో రాసుకున్నాడు, పుస్తకం మాత్రం ఫ్రెంచిలో రాశాడు. ఫ్రెంచి రోజురోజుకీ మారిపోతోందనీ, నిలబడాలంటే ఇంకాస్త గట్టి భాషలో రాయాల్సిందనీ తెలిసే రాశాడు. పగలంతా ఇంగ్లీషులో మెయిళ్ళు కొట్టి, రాత్రి పదింటికి తెలుగులో ఏదో గిలుకుదామని కూర్చునే నాబోటివాడికి ఇది చిన్న విషయం కాదు. "తెలుగులో ఎవడు చదువుతాడ్రా?" అని అడిగేవాళ్ళు నాకు వారానికి ఒకరైనా తగులుతారు. నా ఎక్సెల్ షీటు కూడా ఇంగ్లీషులోనే ఉందిలెండి. ఉండనివ్వండి, అది గోడ రాత లాంటిది.

ఆయనకేం, జమీను ఉంది, నౌకర్లున్నారు, ఈఎంఐలు లేవు అంటారా? నిజమే. సుమారు వెయ్యి పుస్తకాలు, మూడు వైపులా కిటికీలు, పదహారు అడుగులేస్తేగానీ ఈ చివర నుంచి ఆ చివరకి చేరని గది అందరికీ దొరకవు. కానీ తీరిక కూడా అనుకున్నట్టు దొరకలేదు. దేశంలో మతయుద్ధాలు. 1572లో పారిస్‌లో ఊచకోత మొదలై, అక్టోబరుకల్లా బోర్డోకీ పాకింది. 1578 ప్రాంతంనుంచి మూత్రపిండాల్లో రాళ్ళు. 1581లో ఇటలీలో స్నానాలు చేస్తూ ఉండగా, నిన్ను బోర్డో మేయరుగా ఎన్నుకున్నాం రమ్మని కబురొచ్చింది. ఆన్‌సైట్‌లో ఉన్నవాణ్ణి అడక్కుండా ప్రాజెక్టులో వేసినట్టన్నమాట. రానంటే రాజుగారి ఉత్తరం. నాలుగేళ్ళు చేశాడు. మూడో భాగం 1588లోగానీ బయటికి రాలేదు.

నా లెక్కలో, ఆ పుట్టినరోజున ఆయన చేసిన తెలివైన పని ఫలితాన్ని రాసుకోకపోవడమే. ఒక గది, కొంత కాలం, తలుపేసుకునే అధికారం.. ఈ మూడే పక్కన పెట్టుకున్నాడు. అధ్యాయాల సంఖ్య ముందే రాసుకుని ఉంటే, సెనెకా వగైరాల సూక్తులు ఏరి కూర్చిన సంకలనం ఒకటి సకాలంలో పూర్తయ్యేది. మొదట్లో రాసిన ముక్కలు చాలావరకు అలాగే ఉంటాయి కూడా. తన గురించి తను రాసుకోవడం నెమ్మదిగా, దారిలో దొరికింది.

ఆ పుస్తకాల గది దూలాల మీద అరవైకి పైగా గ్రీకు, లాటిన్ వాక్యాలు రాయించుకున్నాడు. కొన్నిచోట్ల పాతవాటి మీదే కొత్తవి రాయించాడు, కింద పాతవాటి జాడ ఇంకా ఉంది. పుస్తకంతోనూ అదే వరస. 1588లో అచ్చయిన ప్రతి ఒకటి దగ్గర పెట్టుకుని, మార్జిన్లు నిండిపోయేలా కొత్త మాటలు చేరుస్తూనే 1592 సెప్టెంబరులో, 59 ఏళ్ళకి కన్నుమూశాడు. ఆ ప్రతి ఇప్పటికీ బోర్డో గ్రంథాలయంలో ఉంది. 1885లో అగ్నిప్రమాదం జరిగి భవంతి కాలిపోయింది. బురుజు మిగిలింది.